వీపు మీద గుంట ఉన్న రాతి అల్పాకా: ఆ గుంట దేనికి?

రాళ్లపిచ్చి · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇవాళ మా ఊరి మ్యూజియంలో పెరూ గదికి వెళ్లాను. జనమంతా బంగారం చుట్టూ మూగి ఉన్నారు. నేను మాత్రం మూల అద్దాల పెట్టెలో ఉన్న ఒక చిన్న రాతి బొమ్మ దగ్గర అరగంట నిలబడిపోయాను.

అల్పాకా బొమ్మ అది. ఆండీస్ కొండల్లో ఉన్ని కోసం పెంచే జంతువు. పిడికిట్లో పడుతుంది. నల్లరాయి, నునుపుగా సానబెట్టారు. మెడ నిటారుగా ఉంది. నుదుటి మీద జుట్టు కుచ్చు పడుతున్నట్టు నాలుగు గీతలు, నోటికి చిన్న గాటు. ఒంటికి రెండు వైపులా పైనుంచి కిందికి సన్నని గీతలు. ఉన్ని వేలాడుతోందని చూడగానే తెలుస్తుంది. కాళ్లు కురచ, నాలుగు మొటికలంతే. వీపు సరిగ్గా మధ్యలో గుండ్రటి గుంట, బొటనవేలు మొదటి కణుపు దాకా దిగేంత లోతు. గుంట లోపల రాయి మిగతా ఒంటిలా మెరవదు. జిడ్డు పీల్చుకున్న పాత రోలులా ఉంది.

పక్కన చీటీ మీద రాసినది ఇంతే: "కొనోపా. ఇంకా కాలం, 1450–1532. నైవేద్య పాత్ర." ఇంకాలంటే స్పెయిన్ వాళ్లు రాకముందు పెరూను ఏలినవాళ్లు.

పాత్ర అయితే జంతువు ఆకారం ఎందుకు? జంతువు బొమ్మ అయితే వీపు తొలవడం ఎందుకు? కుంకుమ భరిణెలా ఏదైనా దాచుకునేదా, దీపమా, ధూపమా? తెలిసినవాళ్లు చెప్పండి. అప్పట్నుంచీ అదే ఆలోచన.

సందేహాలరావు · శనివారం, రాత్రి 10:15

దీపం అయ్యుండదండీ. దీపమైతే అంచు మీద వత్తి ఆనే చోటు ఒకటి ఉండాలి, మసి ఒక పక్కకే పట్టాలి. మీరు చెప్పిన గుంట గుండ్రంగా, అన్ని వైపులా ఒకేలా ఉంది. సిరాబుడ్డీ కాదు. ఇంకాలు లెక్కలు ముడులు వేసిన తాళ్లతో రాసుకునేవారు, వాటిని కీపు అంటారు. వాళ్లకు సిరాతో పని లేదు.

రంగు నూరుకునేదో, మందు దాచుకునేదో అని నా అనుమానం. "నైవేద్యం" అనేది మ్యూజియం వాళ్లకు అలవాటైన మాట. దేనికో తెలియని ప్రతిదానికీ ఆ చీటీ అతికిస్తారు.

పాతతాళపత్రం · ఆదివారం, ఉదయం 6:30

రావు గారి అనుమానం మంచిదే. కానీ ఈ విషయంలో ఆ చీటీ ఊహ కాదు. ఈ రాళ్లను వాడుతున్న ఇళ్లలోకి దూరి చూసిన మనిషి రాసిపెట్టాడు. పేరు పాబ్లో హోసే దె అరియాగ, జెసూట్ సంఘానికి చెందిన క్రైస్తవ మతగురువు. ఆయన పుస్తకం 1621లో లిమాలో అచ్చయింది. ఆయన వీటిని మెచ్చుకుని రాయలేదు, నాశనం చెయ్యడానికి తిరిగినవాడు. అందుకే ఇంత వివరంగా రాశాడు. వెతికే అధికారికి ఏది ఎలా ఉంటుందో, ఎక్కడ దాస్తారో తెలియాలి కదా.

1617 ఫిబ్రవరి నుంచి 1618 జూలై దాకా, అంటే ఏడాదిన్నరలో, వాళ్లు పట్టుకున్నవాటి లెక్క ఆయనే ఇచ్చాడు: 603 పెద్ద వాకలు, 617 మల్కీలు, 3,418 కొనోపాలు.

వాక అంటే ఊరంతటికీ చెందిన పవిత్ర స్థలం లేదా శిల. మల్కీ అంటే ఎండబెట్టి భద్రపరచిన పూర్వీకుల దేహం. ఈ రెండూ సమూహానివి. కొనోపా అలా కాదు, అది ఇంటిది. తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, అన్నదమ్ముల్లో పెద్దవాడి దగ్గర ఉంటుంది. అరియాగ దీన్ని రోమనుల ఇంటి దేవుళ్లతో పోల్చాడు. ఊరి దేవుణ్ని పట్టుకోవడం తేలిక, ఇంటి రాయిని పట్టుకోవడం కష్టం అని ఆయన మాటల్లోనే తెలుస్తుంది.

ఆయన రకాలు కూడా చెప్పాడు. మొక్కజొన్నకు సారా కొనోపా, బంగాళాదుంపకు పాపా కొనోపా, మందకు లామా (అల్పాకాకు చుట్టమైన, బరువు మోసే జంతువు) ఆకారంలో ఉన్నది. అన్నీ చెక్కినవి కావు. దారిలో వింత రంగుతోనో ఆకారంతోనో ఒక రాయి దొరికితే, దాన్ని తెలిసినవాడికి చూపిస్తే, ఆయన "ఇది కొనోపా" అంటే చాలు, అది ఇంట్లోకి వచ్చేసేది.

గొంగడి · ఆదివారం, ఉదయం 8:05

అన్నా, అందరూ ఆ రాయి ఏంది అని అడుగుతున్నరు. నేను ఒకటడుగుత. ఆ గుంటల ఏం పెడ్తరు? నూనెనా, నెయ్యా, నెత్తురా? అది తెలిస్తే గదా రాయి సంగతి తెలిసేది.

మాది పాలమూరు దిక్కు. మా నాయిన గొర్లు కాసిండు, ఇప్పటికీ నలభై ఉన్నయి. అందుకే అడుగుతున్న.

సముద్రమట్టం · ఆదివారం, మధ్యాహ్నం 1:20

కొవ్వు, తమ్ముడూ. లామా రొమ్ము దగ్గర తీసిన కొవ్వు. దానికి కోకా ఆకులు కలుపుతారు.

నేను మూడేళ్ల కిందట పెరూలో, ఇంకాల రాజధాని అయిన కుస్కో నుంచి అవుసంగాతె కొండ వైపు వెళ్లాను. ఆ ఎత్తులో నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒక కాపరి ఇంట్లో రెండు రాత్రులు ఉన్నాను. ఆ ఇల్లాలికి నా వయసే ఉంటుంది. సంతలో కొన్న నకలు రాతి అల్పాకా ఒకటి నా సంచిలో ఉంటే చూపించాను. చేతిలోకి తీసుకుని వీపు మీద గుంటలో వేలు పెట్టి, "దీనికి ఏమీ తినిపించలేదే" అంది. నాతో వచ్చిన దుబాసీ అదే మాట రెండుసార్లు చెప్పాడు, నాకు అర్థం కాలేదేమోనని.

వాళ్ల దగ్గరా ఉన్నాయట, నేసిన గుడ్డలో మూటకట్టి. నేను అడిగాను, ఆవిడ చూపించలేదు. పరాయివాళ్ల కంట పడితే వాటి బలం తగ్గుతుందని చెప్పింది. ఆ మూట ఏడాదికి రెండు మూడుసార్లే విప్పుతారు. వానాకాలంలో కార్నివాల్ రోజుల్లో ఒకసారి, భూమి నోరు తెరుస్తుందని వాళ్లు నమ్మే ఆగస్టులో ఒకసారి. మూడు కోకా ఆకులు వేళ్ల మధ్య విసనకర్రలా పట్టుకుని కొండ పేరు చెప్పి ఊదుతారు. ఊదడం మాత్రం కళ్లారా చూశాను. టీ తాగే ముందు కూడా ఊదారు.

గొంగడి · ఆదివారం, మధ్యాహ్నం 2:10

అక్కా, "తినిపించలేదే" అన్న మాట మస్తుగుంది. జీవాలు సాకేటోళ్లు అట్లనే అంటరు. మా ఇంటికి చుట్టమొస్తె మా అమ్మ "తిన్నవా" అని మనిషిని అడగకముందే మా నాయిన "మంద మేసిందా" అని అడుగుతడు.

కొవ్వే ఎందుకు? పాలు లేవా ఆడ?

పాతతాళపత్రం · ఆదివారం, సాయంత్రం 5:45

పాలు పిండే అలవాటు ఆండీస్ కాపరులకు లేదు. అల్పాకా పాలు పిల్లకే సరిపోతాయి. ఉన్ని, మాంసం, ఎరువు, పొయ్యిలోకి పిడకలు, లామా అయితే బరువు మోయడం: వీటి కోసమే పెంచారు. మనం పాలకూ నెయ్యికీ ఇచ్చే స్థానం అక్కడ కొవ్వుది. లామా ఒంట్లో కొవ్వు తక్కువ, అందుకే దానికి అంత విలువ. అక్కడి కొండవాళ్ల భాష కెచువాలో దాన్ని "వీరా" అంటారు. అది ఒంట్లో బలం, ప్రాణసారం. ఒంట్లో కొవ్వు పోతే మనిషి పోయినట్టే.

ఈ నమ్మకం ఎంత లోతైనదో చూడండి. కుస్కోలో ఉన్న క్రిస్టోబల్ దె మోలీనా అనే మతగురువు 1570లలో ఒక పుకారు రాసిపెట్టాడు. స్పెయిన్‌లో ఏదో జబ్బుకు మందుగా మనుషుల కొవ్వు కావాలని, దానికోసం తెల్లవాళ్లు తమను చంపుతారని జనం భయపడి వాళ్లకు దూరంగా తిరిగారట. మనుషుల కొవ్వు దొంగిలించే పిష్టాకో కథలు పెరూ కొండల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పరాయివాడు తమ సారం తోడుకుపోతాడన్న భయానికి వాళ్ల భాషలో రూపం కొవ్వే.

అదే కొవ్వును రాతి అల్పాకా వీపులో పెడుతున్నారంటే, ఎంత పెద్ద వస్తువు ఇస్తున్నారో ఆలోచించండి.

సందేహాలరావు · ఆదివారం, రాత్రి 8:30

సరే, రంగుబుడ్డీ అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఇక తేలిపోయింది కదా? మంద పెరగాలని పెట్టుకున్న సంతాన చిహ్నం. ప్రతి కాపరి సమాజంలో ఏదో ఒకటి ఉంటుంది. ఇందులో ఇంకేముంది?

గొంగడి · ఆదివారం, రాత్రి 9:50

రావు సార్, "మంద పెరగాలె" అని ఒక్క మాటల చెప్పేసిన్రు. ఆ మాట ఎంత బరువో చెప్త ఇనుండ్రి. ఇయ్యాల పొద్దంత అల్పాకాల గురించి చదివిన.

మా గొర్రె అయిదు నెలలకు ఈనుతది. బాగుంటె రెండేండ్లకు మూడు ఈతలు. కవలలు సుత పుడ్తయి. అల్పాకా పదకొండున్నర నెలలు మోస్తది. ఒక్కటే పిల్ల. కవలలు అసలు లేనట్టే. అంటె ఏడాదికి ఒక్కటి, అదీ బతికితె. ఎక్కువ పొద్దుగాలనే ఈనుతదట, రాత్రి మంచు పడకముందే పిల్ల ఆరాలె, లేచి పాలు తాగాలె. నాలుగు వేల మీటర్ల మీద రాత్రి చలికి తడిపిల్ల నిలువది.

ఇంకొకటి. పుట్టిన పిల్లలు మొదటి నెలల్నే గుంపులుగా చస్తయి. ఎందుకని చూస్తె పేగులల్ల విషం, క్లాస్ట్రీడియం అనే పురుగు. చదవంగనే నాకు ఒళ్లు జలదరించింది. అది మన చిటుకు రోగం! తొలకరికి కొత్త గడ్డి మేస్తె బలమైన పొట్టేలు పొద్దుగాల మంచిగుండి పొద్దూకే వరకు ఎగిరెగిరి పడి చస్తది. చిటికేసినంతల పాణం పోతదని ఆ పేరు. రకం వేరు అంటరు గని జాతి ఒక్కటే. మేం వానకాలం ముందే టీకాలు ఏపిస్తం. నా చిన్నప్పుడు ఒక్క వారంల పదకొండు పోయినయి. మా నాయిన వాటిని గుంతల పూడ్చి వచ్చి రెండు రోజులు మాట్లాడలే.

టీకా లేని కాలంల, ఏడాదికి ఒక్క పిల్ల పుట్టే మంద. ఆ మనిషి చేతుల ఆ రాయి ఉంటె దాన్ని చిహ్నం అనకుండ్రి. నాకు మనసొప్పుతలేదు.

రాళ్లపిచ్చి · ఆదివారం, రాత్రి 10:20

గొంగడి గారూ, ఇది చదివాక ఆ బొమ్మను ఇంకోలా చూస్తాను. థాంక్యూ అనే మాట సరిపోదు.

పాతతాళపత్రం · సోమవారం, ఉదయం 6:10

చిహ్నం అన్న మాట దగ్గర నాకూ అభ్యంతరం ఉంది. గొంగడి అనుభవంతో అన్నదే పరిశోధకులు కాపరుల నోట విని రాశారు.

కుస్కోకు చెందిన హోర్హె ఫ్లోరెస్ ఒచోవా 1960లలో పునో ప్రాంతంలో పరాతియా కాపరుల మధ్య ఉండి పనిచేశాడు. వాళ్లు చెప్పిన మాట "ఎంఖా". మందకు ప్రాణం పోసే శక్తి, పుట్టించే శక్తి అది. ఆ శక్తి ఉన్న రాయి "ఎంఖాయ్‌చు". దానికే "ఇల్య" అని ఇంకో పేరు. ఇల్య అనే మాటలో వెలుగూ ఉంది. మెరుపు దేవుడు ఇల్యాపా పేరు కూడా దాని చుట్టమే. ఇవి ఊటల దగ్గర, చెరువుల అంచున, కొండ మీద దొరుకుతాయనీ, కొండ దేవుడు కాపరికి ఇచ్చినవనీ అంటారు. కుస్కో దగ్గర సోంకో అనే ఊళ్లో ఏళ్ల తరబడి తిరిగిన కేథరిన్ ఆలెన్ ఇంకో మాట విన్నది. ఈ రాళ్లను అక్కడివాళ్లు "కవ్‌సఖ్‌కూన" అంటారు. బతికున్నవి అని అర్థం.

చిహ్నం అంటే లేనిదానికి బదులుగా నిలబడేది. ఇక్కడ బదులు అనే ఊసే లేదు. మందలో వందో అల్పాకా ఈ రాయి. మిగతా తొంభై తొమ్మిదీ గడ్డి తింటాయి, ఇది కొవ్వు తింటుంది. మిగతావి చస్తాయి, ఇది చావదు. అందుకే తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది.

కాబట్టి చీటీలో "పాత్ర" అన్న మాట నాకు నచ్చదు. కడుపును పాత్ర అంటామా?

సందేహాలరావు · సోమవారం, ఉదయం 9:00

ఒక సంగతి మాత్రం గట్టిగా అడుగుతాను. ఫ్లోరెస్ ఒచోవా, ఆలెన్ చూసింది 20వ శతాబ్దపు కాపరులను. ఈ బొమ్మ 1450–1532 నాటిది అంటున్నారు. నాలుగైదు వందల ఏళ్లు, మధ్యలో ఒక సామ్రాజ్యం పోయి చర్చి వచ్చింది. నిన్నటివాళ్ల మాటను మొన్నటివాళ్ల నోట్లో పెట్టడం కాదా ఇది?

పాతతాళపత్రం · సోమవారం, ఉదయం 9:40

న్యాయమైన ప్రశ్న. పైగా ఆ తేదీ కూడా గట్టిది కాదు. రాయి వయసును రేడియోకార్బన్ పరీక్షతో లెక్కకట్టలేం. చెక్కిన తీరు చూసి "ఇంకా కాలం" అంటారు. మ్యూజియాల్లో ఉన్న కొనోపాల్లో చాలావాటికి ఎక్కడ దొరికిందో, ఏ పొరలో దొరికిందో రాసిన కాగితమే లేదు. కాపరి ఇంటి మూటలోంచి తీసుకున్నదో, సంతలో కొన్నదో అయి ఉంటుంది. 1532 తర్వాత చెక్కడం ఆగిపోయిందనడానికీ ఆధారం లేదు.

అందుకే మధ్యలో ఒక మెట్టు కావాలి. అది ఉంది. కాస్త ఆగండి, చుక్కలలెక్క గారిని పిలిచాను. ఆయన చెబితేనే బాగుంటుంది.

నూలుపోగు · సోమవారం, ఉదయం 11:15

ఆయన వచ్చేలోపు ఉన్ని గురించి ఒక మాట. నేను మగ్గం మనిషిని.

రాళ్లపిచ్చి గారు చెప్పిన గీతలు పైనుంచి కిందికి, సాఫీగా ఉన్నాయి కదా? అల్పాకాల్లో రెండు రకాలు. వాకాయా ఉన్ని నురగలా ఉబ్బి ఉంటుంది. సూరీ ఉన్ని పాయలు పాయలుగా, జడల్లా నేలవైపు వేలాడుతుంది. చెక్కినవాడు ఎన్నుకున్నది సూరీని. అది తక్కువగా పుడుతుంది, చలికి తట్టుకోవడం దానికి కష్టం. మెరుపు మాత్రం పట్టులాంటిది. కాపరి ఏ రకం కోసం ఆశపడ్డాడో ఆ గీతల్లోనే ఉంది.

స్పెయిన్ వాళ్లు రాకముందు ఈ మందలు ఎంత బాగుండేవో తెలిపే సాక్ష్యం దక్షిణ పెరూలో ఎల్ యరాల్ అనే చోట దొరికింది. సుమారు వెయ్యేళ్ల కిందట బలి ఇచ్చి ఇళ్ల నేల కింద పాతిపెట్టిన లామాలు, అల్పాకాలు ఎడారి పొడికి ఉన్నితో సహా నిలిచాయి. జేన్ వీలర్ వాటి ఉన్నిని కొలిచి చూస్తే, ఇప్పటి వాటికంటే సన్నగా, పోగుకూ పోగుకూ తేడా లేకుండా ఉంది. తరాల తరబడి ఎంచి ఎంచి జత కట్టించినవాళ్ల పని అది. తర్వాత యుద్ధాలు, జబ్బులు వచ్చాయి. కింది పచ్చికలన్నీ యూరప్ గొర్రెలకు పోయాయి. మందలు కూలిపోయి, మిగిలినవి కొండల పైకి నెట్టబడ్డాయి. రాతి బొమ్మలు మిగిలాయి, వాటికి నమూనాగా నిలబడ్డ జంతువులు మిగల్లేదు. ఈ మాట రాస్తుంటే గొంతు పట్టేస్తోంది.

చుక్కలలెక్క · సోమవారం, సాయంత్రం 7:30

పిలిచినందుకు ధన్యవాదాలు. తిరుపతిలో ఉంటాను, చుక్కలు చూడటం నా వ్యసనం.

లిమా వెనక కొండల్లో హువారొచిరీ అనే ప్రాంతం ఉంది. 1608 ప్రాంతంలో అక్కడి కథలను, ఆచారాలను కెచువా భాషలోనే ఒకరు రాసిపెట్టారు. అందులో 29వ అధ్యాయం ఆకాశం గురించి. మనం పాలపుంతలో చుక్కలు కలిపి బొమ్మలు గీస్తాం. వాళ్లు చుక్కల మధ్య నల్లటి ఖాళీలనే జంతువులుగా చూశారు. వాటిలో పెద్దది యకానా అనే నల్ల లామా. మెడ పొడుగ్గా ఉండి, రెండు కళ్లు మెరుస్తుంటాయి. నడిరేయి ఎవరూ చూడనప్పుడు దిగివచ్చి సముద్రపు నీళ్లు తాగుతుందట. తాగకపోతే లోకం మునిగిపోతుందట.

అసలు సంగతి ఇప్పుడు. యకానా ఊట దగ్గర నీళ్లు తాగడానికి దిగినప్పుడు అదృష్టవంతుడి మీద దాని ఉన్ని వాలి అదుముతుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆ ఉన్ని పీకుతారు. తెల్లారి చూస్తే నీలం, తెలుపు, నలుపు, గోధుమ, అన్ని రంగుల ఉన్ని ఉంటుంది. మందలేనివాడైతే వెంటనే ఒక ఆడదాన్ని, ఒక మగదాన్ని కొంటాడు. ఉన్ని పీకిన చోట పూజ చేస్తాడు. ఆ రెండింటి నుంచే రెండు మూడు వేలు అవుతాయి.

పాతతాళపత్రం · సోమవారం, సాయంత్రం 8:00

ఇదే నేను చెప్పిన మెట్టు, రావు గారూ. 1608 ప్రాంతపు మాట, అరియాగ కంటే ముందుది, వాళ్ల సొంత భాషలో. ఆ వచనంలో యకానాను లామాల "కామఖ్" అంటారు, అంటే వాటికి రూపం, సత్తువ పోసేది. ఆకాశంలో ఒక మూల జంతువు, దాని బలం ఊట దగ్గర కిందికి దిగి ఒక మనిషి చేతికి అందడం, మంద వృద్ధి. 20వ శతాబ్దపు కాపరి "రాయి ఊట దగ్గర దొరికింది, అది మందకు ప్రాణం" అన్నదీ అదే వరస. మాటలు మారాయి. వరస మారలేదు.

ప్రతి కొనోపా యకానాయే అనడం లేదు. కానీ నల్లరాయిలో పొడుగు మెడ లామాను చూస్తే నాకు ఆ కథే గుర్తొస్తుంది.

సందేహాలరావు · సోమవారం, రాత్రి 9:10

ఒప్పుకుంటున్నాను. ఇంకొకటి మిగిలింది. బంగారు లామాలు, వెండి లామాలు? బ్రిటిష్ మ్యూజియంలో ఆరు సెంటీమీటర్ల బంగారు లామా చూశాను. దాని వీపు మీద గుంట లేదు. అవీ కొనోపాలేనా?

పాతతాళపత్రం · సోమవారం, రాత్రి 10:00

కావు, అవి వేరే లోకం. ఆ బంగారు, వెండి, ఎర్రటి స్పాండిలస్ గవ్వ లామాలు ఇంకాల ప్రభుత్వం కపకోచా అనే పెద్ద బలుల్లో పెట్టినవి. వాటిలో పిల్లలను కూడా బలి ఇచ్చేవారు. 1985లో అకాంకాగువా కొండ మీద ఏడేళ్ల పిల్లవాడి దేహం పక్కన మూడు మనిషి బొమ్మలు, మూడు లామా బొమ్మలు దొరికాయి. 1999లో యుయ్యయ్యాకో కొండ మీద, 6,700 మీటర్ల పైన, ముగ్గురు పిల్లలు దొరికారు. అందులో అబ్బాయి దగ్గర చిన్న చిన్న మనుషులు లామాలను వరసగా తోలుకెళుతున్నట్టు అమర్చి ఉన్నాయి. 2014లో టిటికాకా సరస్సు అడుగున, అయిదున్నర మీటర్ల లోతులో, మూత కూడా ఊడని రాతిపెట్టె దొరికింది. అందులో ఒక గవ్వ లామా, చుట్టిన బంగారు రేకు ఉన్నాయి.

ఇవన్నీ ఒక్కసారి ఇచ్చేసి మూసేసినవి. మళ్లీ ఎవరూ తెరవకూడదు. కుస్కో నుంచి వచ్చిన ఆజ్ఞ, రాజ్యం సొమ్ము. కొనోపా అలా కాదు, ఏటా మూట విప్పాలి, ఏటా తినిపించాలి. గుంట ఎందుకుందో, బంగారు లామాకు ఎందుకు లేదో నాకు తోచిన తేడా ఇదే. ఒకసారి ఇచ్చి పూడ్చేసేదానికి కడుపుతో పని లేదు.

కొత్తసభ్యుడు77 · మంగళవారం, ఉదయం 10:30

ఆసక్తిగా చదువుతున్నాను. ఆన్‌లైన్‌లో ఒకరు "అసలైన ఇంకా కొనోపా" అని ఫోటో పెట్టి అమ్ముతున్నారు. కొనవచ్చా?

సముద్రమట్టం · మంగళవారం, ఉదయం 11:00

వద్దు బాబూ. నకలు అయితే డబ్బు దండగ. అసలు అయితే అంతకన్నా పెద్ద తప్పు. పెరూ 2004 నాటి వారసత్వ చట్టం ప్రకారం అలాంటి పాత వస్తువులు దేశం దాటకూడదు. పోలీసుల సంగతి పక్కన పెట్టినా, అది ఎవరింటి మూటలోంచి వచ్చిందో ఆలోచించు. కుస్కో సంతలో కొత్తవి దొరుకుతాయి, చెక్కినవాడి చేతికే డబ్బు ఇచ్చి కొనుక్కో. నాదీ అలాంటిదే. ఇంటికొచ్చాక దాని వీపులో కొంచెం వెన్న పెట్టాను. సరైనదో కాదో తెలియదు. ఆవిడ మాట విన్నాక ఖాళీగా ఉంచబుద్ధి కాలేదు.

చుక్కలలెక్క · మంగళవారం, రాత్రి 11:50

ఇప్పుడే డాబా దిగి వచ్చాను. ఇది మే నెల. రాత్రి పదకొండు దాటాక దక్షిణాన, నేలకు పదిహేను డిగ్రీల ఎత్తులో, పక్కపక్కనే రెండు బాగా మెరిసే చుక్కలు కనిపిస్తాయి. ఆల్ఫా, బీటా సెంటారీ. త్రిశంకుడికి ఎడమ పక్కన ఉంటాయి. ఆండీస్ వాళ్లకు అవి లామా కళ్లు. నల్లటి ఒళ్లు మాత్రం ఇక్కణ్నుంచి చూడటం కష్టం, ఊరి వెలుతురు మింగేస్తుంది. కళ్లు చాలు. హైదరాబాద్ వాళ్లకు ఇంకాస్త కిందికి, పన్నెండు డిగ్రీల దగ్గర ఉంటాయి. అడ్డం లేని చోటు చూసుకోండి.

గొంగడి · బుధవారం, ఉదయం 7:15

రాత్రి ఇంటికి ఫోన్ చేసి మా నాయినకు అంత చెప్పిన. రాయి, గుంట, కొవ్వు, మూట, చుక్కలల్ల నల్ల లామా. చానసేపు ఏం మాట్లాడలే. తర్వాత ఒక్కటే అడిగిండు: "ఆ రాయి ఆడదా, మగదా?"

నాకు జవాబు తెల్వలే. ఇన్ని మాట్లాడుకున్నం, మనల ఒక్కరన్న ఈ మాట అడగలే. మంద ఉన్నోడు మొదలు చూసేది గదే గద. రాళ్లపిచ్చి అక్కా, నీ ఫోటోల కనపడ్తదా?

రాళ్లపిచ్చి · బుధవారం, ఉదయం 8:40

ఫోటోలన్నీ పక్కనుంచి, పైనుంచి తీసినవే. కింద ఏముందో ఒక్కదాంట్లోనూ పడలేదు. అద్దాల పెట్టె నా నడుము ఎత్తులో ఉంది, మోకాళ్ల మీద కూర్చుంటే పొట్ట కింద కనిపించవచ్చు. ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. నాన్నగారికి చెప్పండి, చూసి రాస్తాను.